సింకు పక్కన చెక్క గట్టు: రాయలసీమ ఇళ్లలో ఎక్కడ వేయాలి, ఎలా నిలుపుకోవాలి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో వంటగది గట్టు అంటే బండే. కడప నల్లబండ, బేతంచెర్ల పాలిష్ బండ, తాడిపత్రి బండ ఇంటి ముంగిటికే వస్తున్నప్పుడు మరో సామగ్రి గురించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ తరువాత గ్రానైట్ వచ్చి వాటి పక్కన చేరింది. ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారిలో, పాత వంటిల్లు మార్చుకుంటున్నవారిలో కొందరు గట్టుమీద చెక్క పలక కావాలని అడుగుతున్నారు. ఆ కోరిక సహజమైనదే. నీళ్లు పడేచోట చెక్క ఏమిటని వడ్రంగి మేస్త్రీ తల అడ్డంగా ఊపడమూ సహజమే. సింకు దగ్గర, చేతులు కడుక్కునే బేసిన్ కింద చెక్క గట్టు పదికాలాలు నిలవాలంటే ఎక్కడ వేయాలి, ఏ కలప కొనాలి, ఎలా బిగించాలి, తరువాత ఎలా చూసుకోవాలి అనే విషయాలు ఇద్దరికీ పనికివచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

మన ఎండల్లో చెక్కకు జరిగేది

నీళ్లు తగిలితే చెక్క పాడవుతుందనే మాటలో సగమే నిజం ఉంది. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఈనాటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటిమీదే ఉంది. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలు బతకాలంటే చెక్క లోపలి తేమ 20 శాతానికి మించి చాలాకాలం నిలవాలి. గట్టుమీద ఒలికిన నీటిని వెంటనే తుడిచేసే ఇంట్లో పలక మధ్యభాగం ఆ స్థాయికి ఎన్నడూ చేరదు. కాబట్టి పైన పడే నీటికంటే, ఎక్కడో ఒక సందులోకి దిగి అక్కడే నిలిచిపోయే నీటికి మనం భయపడాలి. ఆ సందును తెరిచేది మన ప్రాంతంలో వాన కాదు, ఎండ.

చెక్క తన చుట్టూ ఉన్న గాలిలోని తేమకు తగినట్టు తానూ తేమను పుచ్చుకుంటుంది, వదులుతుంది. గదిలోని గాలి తేమ చాలా రోజులపాటు 35 శాతం దగ్గర ఉంటే చెక్క లోపలి తేమ సుమారు 7 శాతానికి దిగుతుంది. అదే 75 శాతం దగ్గర ఉంటే 13 శాతం దాటుతుంది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల గాలికీ సెప్టెంబరు, అక్టోబరు నెలల గాలికీ ఉన్న తేడా ఇంచుమించు ఇంతే. తేమ మారినప్పుడు పలక పొడవు దాదాపు మారదు, వెడల్పు మారుతుంది. దుంగ చుట్టుకొలత దిశలో ఈ మార్పు ఎక్కువగా, మధ్య నుంచి బెరడు వైపు వెళ్లే దిశలో ఇంచుమించు సగంగా ఉంటుంది. 600 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు గట్టులో లోపలి తేమ 4 శాతం తగ్గితే, మామూలు కోత పలకలైతే వెడల్పు సుమారు 4.5 మిల్లీమీటర్లు, దుంగ మధ్య నుంచి బెరడు వైపుకు నిలువుగా కోసిన పలకలైతే సుమారు 2.4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మనకున్న చెక్కల్లో అతి తక్కువ కదిలే జాతుల్లో టేకు ఒకటి. దానికే ఇంత కదలిక ఉందంటే, మిగతావాటిని కదలకుండా బిగించి ఆపగలమనుకోవడం వృథా ప్రయాస.

మే నెలలో గట్టు ఇలా ముడుచుకున్నప్పుడు నాలుగు వైపులా మేకులతో, సిమెంటుతో దాన్ని కదలనీయకుండా పట్టి ఉంచితే ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. సాధారణంగా అతుకు దగ్గరో, సింకు మూల దగ్గరో చీలుతుంది. సింకు చుట్టూ పెట్టిన సిలికాన్ కూడా ఒక వైపు విడిపోతుంది. ఆ సన్నని సందు మనకు కనిపించదు, కానీ అంట్లు తోమిన నీటికి అది చాలు. వేసవిలో హాల్లో నీళ్ల కూలర్ నడిచే ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది: పగలంతా తడిగాలి, కరెంటు పోయినప్పుడు పొడిగాలి. వంటగది తలుపు కూలర్ ఎదురుగా ఉంటే గట్టు రెండు చివరలకు రెండు రకాల వాతావరణం తగులుతుంది. కూలర్ గాలి నేరుగా చెక్కమీదికి రాకుండా చూసుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

ముందు చోటు చూడండి

కలప కొనకముందే, ఇంట్లో అంట్లు ఎక్కడ తోముతున్నారో చూడండి. మన వైపు చాలా ఇళ్లలో వెనక వాష్ ఏరియాలో పెద్ద గిన్నెలన్నీ తోముతారు. లోపలి సింకులో కూరగాయలు, చేతులు, రెండు మూడు గ్లాసులు మాత్రమే కడుగుతారు. అలాంటి ఇంట్లో సింకు పక్కన చెక్క గట్టు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మూడు పూటల అంట్లూ ఆ ఒక్క సింకులోనే పడే ఇంట్లో మాత్రం నా సలహా ఒకటే: సింకు చుట్టూ బండే ఉంచండి, చెక్కను దానికి కనీసం 450 మిల్లీమీటర్ల అవతల మొదలుపెట్టండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. కడప నల్లబండ పక్కన టేకు రంగు చక్కగా నప్పుతుంది. పైగా నల్లబండ సున్నపురాయి జాతిది కావడంతో చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ కడుతుంది. కోయడం, పిసకడం వంటి పనులు చెక్క మీదికి మారితే ఆ బండకూ మేలే.

బండా చెక్కా కలిసేచోట చెక్క పైభాగం బండకంటే 2 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి, బండ వాలు సింకు వైపుకు ఉండాలి. అప్పుడు బండమీద పారిన నీరు చెక్క వైపు రాదు. రెండింటి మధ్య 4 నుంచి 5 మిల్లీమీటర్ల సందు వదిలి సిలికాన్‌తో నింపాలి.

గ్యాస్ పొయ్యి కింద, దానికి రెండు పక్కలా జానెడు దూరం వరకూ చెక్క వద్దు. సంగటి గిన్నె, కుక్కర్ దించే చోటు కూడా బండే కావాలి. మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో బిందెలు నింపి గట్టుమీద వరుసగా పెట్టడం అలవాటు. బిందె అడుగు అంచు కింద ఇరుక్కున్న నీరు రాత్రంతా ఆరదు, తెల్లవారేసరికి చెక్కమీద గుండ్రని నల్లని గీత మిగులుతుంది. మట్టికుండ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కుండ చల్లబడేదే గోడల గుండా నీరు ఊరి ఆవిరి కావడం వల్ల. దానికింద ఉన్న చెక్క వేసవి మూడు నెలలూ తడిసే ఉంటుంది. బిందెలకు, కుండకు, ఆర్ఓ నీటి ఫిల్టర్ కొళాయికి కలిపి ఒక మూల బండను ముందే కేటాయించండి.

స్నానాల గదిలో బకెట్టు, చెంబుతో స్నానం చేసే చోటికి దగ్గరగా చెక్క పనికిరాదు. స్నానం చేసే చోటును అద్దంతోనో గోడతోనో వేరుచేసి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండి, బేసిన్ గట్టు నేలకు తగలకుండా గోడకు బ్రాకెట్లమీద నిలిస్తే పెట్టుకోవచ్చు. అక్కడ గట్టుపైన కూర్చునే గిన్నెలాంటి బేసిన్ తీసుకోండి. దానికి నీరుపోయే గొట్టం కోసం ఒక్క రంధ్రం చాలు, పెద్ద కోత అవసరం ఉండదు. బయటి వాష్ ఏరియాలో చెక్క వద్దు. నీటికి ఎండ తోడైతే ఏ పూతా నిలవదు.

కలప

చేవదేరిన టేకు మొదటి ఎంపిక. అందులోని సహజమైన నూనెలు చెదలకూ కుళ్లుకూ తట్టుకుంటాయి. కానీ ఆ గుణం దుంగ నడుమ ఉండే చేవలోనే ఉంది. చుట్టూ ఉండే లేత రంగు తెల్లచెక్కకు లేదు. తోటల్లో చిన్న వయసులోనే నరికిన టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. కాబట్టి డిపోలో పలకల ముఖం ఒక్కటే చూసి ఒప్పుకోవద్దు. ప్రతి పలకనూ చివర తిప్పి చూడండి, అంచున లేత పట్టీ ఉంటే దాన్ని కోసి తీసేయాలని ముందే చెప్పండి. పాలిష్ పెట్టిన తరువాత రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి, అప్పుడు పోల్చుకోవడం కష్టం. పాత ఇళ్లు విప్పినప్పుడు దొరికే దూలాలు, ద్వారబంధాలు మంచి చెక్కే; ఏళ్లతరబడి ఆరినవి. కోత మిషన్‌కు పంపేముందు మేకులన్నీ తీయించాలి.

వేగి, నల్లమద్ది కూడా గట్టివే. అయితే నల్లమద్దిలో, తుమ్మలో వగరు పదార్థం ఎక్కువ. తడిసినప్పుడు ఇనుము తగిలితే నల్లని మచ్చలు పడతాయి. వేప మన వైపు ద్వారబంధాలకు వాడేదే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. మెలితిరిగే గుణం ఉండడం వల్ల సింకుకు దూరంగా ఉన్న భాగానికి మాత్రమే సరిపెట్టుకోవచ్చు. మామిడి చెక్క, రబ్బరు చెక్క, రబ్బరు చెక్క ముక్కలను పళ్ల అతుకులతో కలిపిన బోర్డులు తడి తగిలే చోట వద్దు. వాటిని ఎంత బాగా పూసినా చెక్కకు సొంత బలం లేదు. పురుగు పట్టకుండా బోరాక్స్ మందు ఎక్కించారని చెప్పినా, ఆ మందు నీటితో కడుక్కుపోయే రకం. ప్లైవుడ్ మీద పల్చటి టేకు రేకు అతికించినదైతే లోపల ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ ఉన్నప్పటికీ, ఆ రేకును గీకి మళ్లీ పూత పెట్టే అవకాశం లేదు. ఒకసారి అంచు లేచిందంటే మరమ్మతు లేదు.

కొన్న చెక్కను ఆ రోజే కోయించవద్దు. గట్టు నిలిచే ఇంట్లోనే, నీడలో, పలకకూ పలకకూ మధ్య సన్నని చెక్కపట్టీలు పెట్టి రెండు మూడు వారాలు పేర్చి ఉంచండి. తేమ మీటరు ఉన్న మేస్త్రీ అయితే 8 నుంచి 12 శాతం మధ్య చూపేదాకా ఆగమనండి. బయట షెడ్డులో మండుటెండకు ఆరిన చెక్క 6 శాతానికి దిగి ఉండవచ్చు. వానల్లో అది ఉబ్బుతుంది. ఈ లెక్క పెట్టుకునే బిగించాలి: మే నెలలో బిగించే గట్టుకు గోడవైపు సందు ఎక్కువ వదలాలి, అక్టోబరులో బిగించే గట్టుకు మరల రంధ్రాలు ముడుచుకోవడానికి వీలుగా ఉండాలి.

పలకను కూర్చడం, బిగించడం

మందం 38 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకే వెడల్పాటి పలక చూడడానికి అందంగా ఉంటుంది గాని, అదే ముందుగా వంపు తిరుగుతుంది. 70 నుంచి 100 మిల్లీమీటర్ల పట్టీలను పక్కపక్కన అతికించి చేసిన గట్టు నిలకడగా ఉంటుంది. అతుకులకు మామూలు తెల్ల ఫెవికాల్ పనికిరాదు. నీటికి తట్టుకునే ఫెవికాల్ మెరైన్ వంటి బంకగాని, రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ బంకగాని వాడాలి. టేకులోని నూనె బంకను పట్టనీయదు కనుక, అతికించే ముఖాన్ని చిత్రిక పట్టిన వెంటనే థిన్నర్‌తో తుడిచి, ఆరగానే బంక రాసి క్లాంపులు వేయాలి.

గట్టు అడుగుభాగం కనిపించదని వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. పైముఖానికి నాలుగు పూతలు పెట్టి అడుగును పచ్చిగా వదిలితే, అడుగు తేమను త్వరగా పుచ్చుకుంటుంది, త్వరగా వదులుతుంది, పైముఖం ఆలస్యంగా స్పందిస్తుంది. ఆ తేడాకే గట్టు వంపు తిరుగుతుంది. పైన ఎన్ని పూతలు పెడతారో అడుగున, నాలుగు అంచులకూ అన్నే పెట్టాలి. ఈ పని బిగించకముందే పూర్తి కావాలి.

చాలా ఇళ్లలో కింద సిమెంటు గట్టో, కడప బండో ఇప్పటికే ఉంటుంది. దానిమీద నేరుగా చెక్కను పరిచి అతికించవద్దు. సిమెంటులో ఊరే తేమ అడుగునే నిలుస్తుంది, పైగా చెదలకు దొంగదారి దొరుకుతుంది. బండమీద 20 మిల్లీమీటర్ల ఎత్తున్న పట్టీలను గోడనుంచి ముందుకు వచ్చేలా పేర్చి, వాటిమీద పలకను నిలపండి. గాలి ఆడే దారి ముందు నుంచి వెనకదాకా ఉండాలి. కొత్త వంటిల్లయితే చతురస్రపు ఇనుప గొట్టాల ఫ్రేము చేయించి రంగు వేయించడం ఇంకా మేలు.

బిగించే పద్ధతిలో సూత్రం ఒక్కటే: పలక కిందికి గట్టిగా పట్టుకుని ఉండాలి, కానీ పక్కలకు జరగగలగాలి. అందుకు బ్రాకెట్లలో గుండ్రని రంధ్రాల బదులు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల పొడవున్న గాడులు కావాలి. గాడి పొడవు పలక వెడల్పు దిశలో ఉండాలి. వాషర్ వేసి మరను కిందినుంచి బిగించి, చివర అర చుట్టు వదులు చేయాలి. ముందు అంచు దగ్గరి మరలను మాత్రం గుండ్రని రంధ్రంలో కదలకుండా బిగించవచ్చు. అప్పుడు కదలికంతా గోడవైపుకే పోతుంది, ముందు అంచు వరస తప్పదు. గోడకూ పలకకూ మధ్య కనీసం 5 మిల్లీమీటర్లు, మే నెలలో అయితే 8 మిల్లీమీటర్లు వదలండి. ఆ సందు కనిపించకుండా గోడకు అతికించిన టైలుగాని బండపట్టీగాని దానిమీదికి రావాలి. మరలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో కావాలి. మామూలు ఇనుప మర తడిసిన చెక్కలో తుప్పుపట్టి, చుట్టూ నల్లగా చేసి, చివరకు పట్టు వదిలేస్తుంది.

ఎల్ ఆకారపు గట్టుకు మూలలో ఏటవాలు కోత అతుకు అందంగా ఉంటుంది, కానీ చెక్క ముడుచుకున్నప్పుడు ఆ అతుకు లోపలి మూలలోనో బయటి మూలలోనో నోరు తెరుస్తుంది. ఒక పలక చివర రెండో పలక పక్కను తాకేలా నిటారు అతుకు వేసి, కింద బోల్టులతో పట్టించండి. ఏ అతుకూ సింకు కోతకు 300 మిల్లీమీటర్లకంటే దగ్గరగా రాకూడదు.

సింకు కోత, కొళాయి రంధ్రం

చెక్క గట్టు పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. పలకను నిలువునా కోసిన ముఖంకంటే అడ్డంగా కోసిన ముఖం ఎన్నో రెట్లు వేగంగా నీరు పీలుస్తుంది. చెట్టు బతికున్నప్పుడు వేరునుంచి ఆకుదాకా నీరు పోయిన గొట్టాలు ఆ ముఖంలో నోళ్లు తెరిచి ఉంటాయి. తుండుగుడ్డ కొస నీళ్ల బకెట్టులో వేలాడితే నీరు గుడ్డ వెంట పైకెక్కినట్టే అడ్డకోత వెంట నీరు లోపలికి నడుస్తుంది. సింకుకోసం తీసిన కోతలో రెండు వైపులు అడ్డకోతలే. కొళాయి రంధ్రంలోనూ రెండు పక్కల అడ్డకోతే ఉంటుంది.

పాత గట్టులో కొళాయి విప్పి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. పైన పాలిష్ చెక్కుచెదరకుండా మెరుస్తుంటుంది. కొళాయి పీట చుట్టూ వెంట్రుక మందాన ఒక నల్లని గీత మాత్రమే కనిపిస్తుంది. పీట ఎత్తగానే రంధ్రం లోపలి చెక్క నల్లబడి ఉంటుంది, గోటితో నొక్కితే దిగబడుతుంది, పోగుల వెంట ఆ నలుపు రెండు వైపులా వేలెడంత సాగి ఉంటుంది. కొళాయి పిడి తిప్పిన ప్రతిసారీ తడిచేతి నుంచి కారిన ఒక్కో చుక్క చేసిన పని అది.

సింకు విషయంలో నా మాట స్పష్టంగా చెబుతాను. చెక్క గట్టుకు అంచు పైన కూర్చునే సింకు పెట్టండి. కోసిన ముఖమంతా దాని అంచు కింద దాగుతుంది. గట్టు కింది నుంచి బిగించే సింకు, అంటే చెక్క అంచు సింకు గోడపైకి తేలి కనిపించే రకం, చూడడానికి ఎంత బాగున్నా రోజూ అడ్డకోతను తడుపుతూనే ఉంటుంది. అది కావాలంటే సింకు భాగం బండతో చేయించుకోండి. ముందుభాగం గట్టు బయటికి వచ్చే లోతైన పింగాణీ సింకు మూడో దారి. అందులో ముందు చెక్కే ఉండదు, పక్కల రెండు అడ్డకోతలు మాత్రం ఎపాక్సీతో మూయాలి.

కోత తీసేటప్పుడు మూలలను చదరంగా కోయవద్దు. ముందు మూలల్లో 20 నుంచి 25 మిల్లీమీటర్ల రంధ్రాలు తీసి, వాటిని కలుపుతూ కోయాలి. గుండ్రని మూల నుంచి చీలిక తేలిగ్గా మొదలవదు. కోసిన ముఖాన్ని 120 నంబరు ఎమరీ పేపరుతో నున్నగా చేసి, పల్చని ఎపాక్సీని కుంచెతో రాయండి. మొదటి పూతను చెక్క పీల్చేస్తుంది. అది జిగురుగా ఉండగానే రెండోది, అదే పద్ధతిలో మూడోది రాయాలి. మూడో పూత ఆరాక ముఖం గాజులా మెరిస్తే రంధ్రాలు మూసుకున్నట్టు. అక్కడక్కడ మబ్బుగా ఉంటే నాలుగోది కావాలి. కొళాయి రంధ్రాన్ని అవసరంకంటే 4 మిల్లీమీటర్లు పెద్దగా తీసి, లోపలి గోడకు ఇదే చికిత్స చేయాలి. ఈ పూట చేసిన ఓపిక పదేళ్లు కాస్తుంది.

సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే, బూజు పట్టని రకమే అడగండి. పూస్తుంటే వెనిగర్ వాసన వచ్చే చవక రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది. అది ఇనుమును తుప్పుపట్టిస్తుంది, కడప బండ వంటి సున్నపురాయిని తింటుంది. సింకు అంచు కింద సిలికాన్‌ను తెగకుండా ఒకే వరుసలో పెట్టి, సింకును నొక్కి, పొంగి వచ్చినదాన్ని వెంటనే తుడవండి. కొళాయి పీట కింద రబ్బరు వాషర్ ఒక్కటే చాలదు, సన్నని సిలికాన్ వరుస కూడా ఉండాలి.

గట్టు ముందు అంచు అడుగున, అంచుకు 15 మిల్లీమీటర్ల లోపలగా, 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల లోతున్న గాడి ఒకటి పొడవునా తీయించండి. గట్టు మీదనుంచి కారిన నీరు అడుగు వెంట లోపలికి పాకకుండా ఆ గాడి దగ్గర తెగి కిందపడుతుంది. కిటికీ పైన వేసే సన్‌షేడ్ అడుగున మేస్త్రీలు తీసే గాడి చేసే పని ఇదే.

పూత

చెక్కలోకి ఇంకే నూనె పూత, చెక్కపైన పొరగా నిలిచే పాలిష్ పూత అని రెండు దారులున్నాయి. తడి తగిలే గట్టుకు నేను నూనెనే సమర్థిస్తాను. పీయూ పాలిష్, అంటే పాలీయురెథేన్ పూత, కొత్తలో నీటిని బాగా ఆపుతుంది, నిజమే. కానీ కత్తి గీటు పడిన చోటో, చెక్క కదలికకు అతుకు దగ్గరో ఆ పొర చిట్లిందంటే నీరు దానికింద చేరి బయటికి రాలేక చెక్కను నల్లబరుస్తుంది. బాగుచేయాలంటే మొత్తం పొర గీకాలి. నూనె పూత అరిగిన చోట మాత్రమే గీకి, అక్కడే మళ్లీ రాయవచ్చు. గీతలు పడని స్నానాలగది బేసిన్ గట్టుకు రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ బాగానే పనికివస్తుంది; దాన్ని పిచికారీ చేసేటప్పుడు మాస్కు, గాలి ఆడే గది తప్పనిసరి. మెలమైన్ పాలిష్, లక్క పాలిష్ సింకు దగ్గర వద్దు. నిలిచిన నీటికి లక్క తెల్లబారిపోతుంది.

నూనె అంటే ఆరి గట్టిపడే నూనె: అవిసె నూనె, టంగ్ నూనె, లేదా చెక్క గట్లకోసమే అమ్మే మైనం కలిసిన నూనెలు. అనంతపురంలో ప్రతి ఇంట్లోనూ ఉండే వేరుశనగ నూనె ఎన్నటికీ ఆరదు. కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తుంది, దుమ్ము పట్టి జిడ్డుగా మారుతుంది. కొబ్బరినూనె, ఆముదం కూడా ఇందుకు పనికిరావు. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ కూరగాయలు కోసే పీటకు సరిపోతుంది గాని, గట్టుకు చాలదు.

చెక్కను 80, 120, 180 నంబర్ల ఎమరీ పేపర్లతో వరుసగా రుద్దాలి. అంతకంటే నున్నగా చేస్తే నూనె ఇంకదు. తరువాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి, లేచిన నూగు ఆరాక మళ్లీ 180 నంబరుతో తేలికగా రుద్దండి. మొదటి పూతకు నూనెలో సమానంగా టర్పెంటైన్ కలిపి గుడ్డతో రాయాలి. పావుగంట ఆగి, ఇంకని నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. పైన మిగిలిన నూనె బంకగా మారుతుంది. రోజుకు ఒకటి చొప్పున కనీసం నాలుగు పూతలు, ఎపాక్సీ రాయని అడ్డకోతలకు ఆరు పూతలు. మే నెల మధ్యాహ్నం ఏ పూతా పెట్టవద్దు, పైపైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. జూన్, జులై నెలల్లో రామగిరి గుట్టల మీది గాలిమరలను తిప్పే గాలే ఇంట్లోకి దుమ్మునూ తెస్తుంది. ఆ రోజుల్లో కిటికీలు మూసి తెల్లవారుజామున పూత పెట్టుకోవడం మేలు. పూర్తయిన గట్టుమీద వారం పది రోజులు నీళ్లు పడనీయవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక మరవకండి. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే పేరుకుని వాటంతట అవే అంటుకుంటాయి. మన ఎండల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రతి గుడ్డనూ విడిగా పరిచి బయట నేలమీద ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచండి.

వాడకం, మరమ్మతు

సింకు పక్కన ఎప్పుడూ ఒక పొడిగుడ్డ ఉండాలి, పడుకునే ముందు గట్టును తుడవాలి. తడి గిన్నెలు బోర్లించడానికి కాళ్లున్న స్టీలు జల్లెడ స్టాండు పెట్టుకోండి, దాని కింద ట్రే ఉండాలి. దోసె పెనం, ఇనుప మూకుడు కడిగి గట్టుమీద వదలవద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. తుడవకుండా ఆరనిస్తే తెల్లని పొర కడుతుంది, దాన్ని పోగొట్టడానికి గరుకు పీచుతో రుద్దితే పూత పోతుంది. తెల్లమరక మీద తడిగుడ్డ కాసేపు పరిచి మెత్తగా తుడిస్తే సరిపోతుంది. పసుపు మరక పడితే కంగారు వద్దు. వెలుతురు తగిలే చోటైతే కొద్దిరోజుల్లో దానంతట అదే వెలిసిపోతుంది.

రెండు మూడు నెలలకోసారి గట్టుమీద నాలుగు చోట్ల నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలిస్తే పూత బాగున్నట్టు. అయిదు నిమిషాల్లో దానికింద చెక్క రంగు ముదిరితే అక్కడ నూనె పెట్టే సమయం వచ్చినట్టు. మొదటి ఏడాది సింకు చుట్టూ మూడు నెలలకోసారి, ఆ తరువాత ఏడాదికి రెండుసార్లు, అంటే ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో ఒకసారి, వానలు తగ్గాక మరోసారి నూనె రాయడం మంచిది. అప్పుడే సింకు కిందికి టార్చిలైటుతో చూడండి. గొట్టం అతుకు దగ్గర చెమ్మ, సిలికాన్ విడిపోయిన చోటు, కొళాయి చుట్టూ నల్లగీత, గోడ వెంట చెదల మట్టి గొట్టాలు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. విడిపోయిన సిలికాన్ మీద ఇంకో పొర పూయడం వృథా. పాతదంతా బ్లేడుతో తీసి, చెక్క పూర్తిగా ఆరేదాకా ఆగి, కొత్తది పెట్టాలి.

నల్లమచ్చ పడితే ముందు ఆ చోటు గీకి నూనె పూత తీసేయాలి. తరువాత గోరువెచ్చని నీటిలో ఆక్సాలిక్ ఆమ్లం పొడి కలిపి కుంచెతో రాస్తే, ఇనుమువల్ల వచ్చిన నలుపు కొద్దిసేపట్లో వెలిసిపోతుంది. అది విషం; చేతితొడుగులు వేసుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి, పని అయ్యాక మంచినీటితో రెండు మూడుసార్లు తుడిచి, పూర్తిగా ఆరాకే రుద్ది నూనె పెట్టాలి. రాసినా నలుపు పోకపోతే అది బూజు లోతుకు దిగిన మచ్చ. గోరు దిగబడుతుంటే ఆ పట్టీ మేరకు కోసి కొత్తది అతికించడమే దారి; అందుకే గట్టు చేయించిన రోజే అదే దుంగలోని రెండు పట్టీలు అదనంగా కోయించి అటక మీద దాచుకోండి.

వేసవిలో అతుకు దగ్గర సన్నని పగులు కనిపిస్తే వెంటనే గట్టి పుట్టీతో, ఎపాక్సీతో నింపవద్దు. సెప్టెంబరు వానలకు చెక్క ఉబ్బినప్పుడు ఆ గట్టి ముక్క అడ్డుపడి, పక్కనే కొత్త పగులు తెస్తుంది. అప్పటికి మెత్తని తేనెమైనం నొక్కి నీరు దిగకుండా చూడండి. చలికాలంలో చెక్క మధ్యస్థంగా స్థిరపడ్డాక మైనం తీసి పరిశీలించండి. పగులు మూసుకుపోయి ఉంటే నూనె చాలు. అప్పటికీ తెరిచి ఉంటే అడుగునున్న మరలు ఎక్కడో గట్టిగా పట్టేశాయని అర్థం, వాటిని అర చుట్టు వదులు చేసిన తరువాతే పగులు పూడ్చాలి.